బొమ్మకి చొక్కా తొడగను

డ్రిల్లు టీచరమ్మ నోరు మంచిది కాదని స్కూలంతా అంటుంది. అననివ్వండి. ఆ నోరే లేకపోతే పదో తరగతి పిల్లలకి ఆగిన గుండెని మళ్లీ ఆడించడం ఎవరు నేర్పేవారు?

పాత పరుపు చింపి, దూది కూరి, మనిషంత బొమ్మని ఆవిడే కుట్టింది. సోఫాలో పడుకోబెట్టిన దాన్ని చూసి వాళ్లాయన హడలి చచ్చాడు. దానికి చొక్కా తొడిగి క్లాసుకి తెచ్చింది. మగపిల్లలు మోకాళ్ల మీద కూర్చుని, చేతి మీద చెయ్యి వేసి, ఛాతీ నడిమధ్య దబదబా నొక్కేశారు. భేష్ అనుకుంది. మర్నాడు అదే బొమ్మకి ఆడపిల్లల యూనిఫారం వేసింది. అంతే, చేతులన్నీ వెనక్కి పోయాయి. ఒకడైతే సిగ్గుతో మెలికలు తిరిగి కడుపు మీద నొక్కాడు. క్లాసంతా కిసుక్కున నవ్వింది.

టీచరమ్మ నవ్వలేదు. ఒకప్పుడు బస్టాపులో తన సొంత అక్క గుండె ఆగి కుప్పకూలినప్పుడు చుట్టూ చేరిన మగాళ్లు ఇలాగే చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆడమనిషిని ఎలా ముట్టుకుంటామన్నారట. ఎంత మర్యాదస్తులో! వాళ్ల మర్యాద దక్కింది, అక్క దక్కలేదు. అది తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

బొమ్మ సంగతి ఇళ్లకి పాకింది. ఒకమ్మాయి తండ్రి హెడ్మాస్టరుని వెంటబెట్టుకుని నేరుగా క్లాసులోకే వచ్చాడు.

"ఎందుకొచ్చిన గొడవమ్మా? మళ్లీ చొక్కా తొడిగెయ్యండి. లేదంటే ఈ క్లాసే ఆపేద్దాం," అన్నాడు హెడ్మాస్టరు.

"తొడగను సార్. క్లాసూ ఆపను. నన్ను తీసేస్తే గేటు బయట కూర్చుని నేర్పుతా."

"పరాయి మగపిల్లాడు ఆడపిల్ల మీద చెయ్యి వెయ్యొచ్చా?" తండ్రి గొంతు పెంచాడు.

"ఊపిరి ఆగితే వెయ్యాలి. మీ అమ్మాయి రోడ్డు మీద పడిపోయిందనుకోండి. మీరేమో ఆఫీసులో ఉన్నారు. అంబులెన్సు వచ్చేదాకా ఎవరు ముట్టుకోవాలో మీరే చెప్పండి. వాళ్లకే నేర్పుతా."



వెనక బెంచీలోంచి ఆ తండ్రి కూతురే లేచింది. ముందుకొచ్చి, కడుపు మీద నొక్కినవాడిని పిలిచింది. వాడి రెండు చేతులూ పట్టుకుని బొమ్మ ఛాతీ మధ్యలో పెట్టింది.

"నేను పడిపోతే ఇక్కడ నొక్కు. గట్టిగా నొక్కు. ఎవరేమన్నా ఆపకు."

వాడు భయంభయంగా ఆమె నాన్న వైపు చూశాడు. ఆయన బొమ్మ దగ్గర్నుంచి ఒక అడుగు పక్కకి జరిగాడు. వాడు మోచేతులు బిగించి నొక్కడం మొదలుపెట్టాడు.