పెద్దమ్మ కలిపిన వరస

కొత్త మనిషి కనిపిస్తే మా పెద్దమ్మ కళ్ళజోడు నుదుటి మీదికి నెడుతుంది. వట్టి కళ్ళతో కాసేపు చూస్తుంది. తర్వాత వరస కలుపుతుంది. అంతే, ఆ మనిషి మా చుట్టం.

బస్సు కండక్టరు టికెట్ చింపేలోపు తమ్ముడయ్యాడు. పళ్ళ డాక్టరు ఆమె నోట్లోంచి చెయ్యి తీసేలోపు మరిది అయ్యాడు. నోరు ఖాళీ లేక అతన్ని కళ్ళతోనే కలిపేసుకుంది.

దగ్గరి చుట్టాల్లో పెళ్ళిళ్ళు మాత్రం ఆమెకు గిట్టవు. "పెళ్ళంటే నలుగురు కొత్తవాళ్ళు రావాలి. ఉన్న చుట్టాన్నే మళ్ళీ తెచ్చుకుంటే మనకి కలిసొచ్చిందేంటి?" అంటుంది.

అలాంటి ఇంట్లో నేను, కళ్ళజోళ్ళ షాపతన్ని చేసుకుంటానన్నాను. నుదుటికి నెట్టీ నెట్టీ పెద్దమ్మ కళ్ళజోడు స్క్రూ వదులైనప్పుడల్లా బిగించేది అతనే. మొదటిరోజే అతన్ని కొడుకనేసింది. పెద్దమ్మ కొడుకంటే నాకు అన్నయ్య.

"కుదరదు," అంది పెద్దమ్మ.

"నువ్వు కన్నావా అతన్ని?"

"పిలిచాను. వాడు పలికాడు. ఇంకేం కావాలి?"

"ఉత్త పిలుపే కదా."

"ఉత్త పిలుపేనే. అది ఉందనే ఆడపిల్ల ఇంట్లో గడియ పెట్టకుండా పడుకుంటోంది. ఇవాళ అన్నయ్య, రేపు మొగుడు అంటే ఏ ఇంట్లో ఎవరికి నిద్ర పడుతుంది? కొందరు అన్నదమ్ములుగానే ఉండిపోవాలి."

"పోనీ, అల్లుడని పిలవవే అక్కా," అంది అమ్మ.

"కొడుకుని అల్లుడంటే విన్నవాళ్ళు ఏమంటారే?"

సాయంత్రానికి నాకు విసుగొచ్చింది. "అంతగా కొడుకు కావాలంటే ఆ పళ్ళ డాక్టర్ని అనుకోవచ్చుగా?"

"ఆయనకి అమ్మ ఉంది. వదిన లేదు. కండక్టరుకి అక్క లేదు. వీడికి అమ్మ లేదు. ఎవరికి ఎవరు లేరో చూసుకోకుండా ఊరికే అనేస్తామా?"



"అతనికి భార్య కూడా లేదు పెద్దమ్మా," అన్నాను.

పెద్దమ్మ కళ్ళజోడు తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. అద్దాలు ఎప్పుడో శుభ్రపడ్డాయి. ఇంకా తుడుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే షాపుకి బయల్దేరింది. నేను వెనకే వెళ్ళాను.

"రా అమ్మా," అని అతను స్టూలు జరిపాడు.

పెద్దమ్మ లోపలికి వెళ్ళలేదు. గడప బయటే నిలబడి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, అతన్ని ఎన్నడూ చూడనట్టు చూసింది.

"ఎవరు బాబూ మీరు?" అంది. "మీకు పెళ్ళయిందా?"