కుక్క మాత్రలు, అమ్మమ్మ మోకాళ్లు

కుక్కలకు స్నానం చేయించే దుకాణం అమ్మమ్మది. ఎంత మొండి కుక్కయినా ఆమె చేతికొస్తే ఇట్టే మెత్తబడుతుంది. ఆమెకో నియమం ఉంది: తను నోట పెట్టుకోనిది ఏ కుక్క నోటికీ అందించదు. బిస్కెట్టయినా టానిక్కయినా ముందు తను కాస్త రుచి చూసి, "పర్వాలేదు" అన్నాకే కుక్కకు. "నాకు మాత్రం ఉప్పయినా చూడకుండా వడ్డిస్తుంది" అని తాతయ్య గొణుగుడు.

ఆ నియమమే ఆమె కొంప ముంచబోయింది.

ఓ ముసలి కుక్కను దాని యజమాని కొన్నాళ్లు ఆమె దగ్గర వదిలి, కీళ్ల మాత్రలు కూడా ఇచ్చి వెళ్లాడు. అలవాటు కొద్దీ అమ్మమ్మ ఒకటి కొరికి చూసింది. పోనుపోను ఆ కుక్క మెట్లెక్కసాగింది. అమ్మమ్మేమో మోకాళ్ల నొప్పితో తొట్టి అంచు పట్టుకుంటే తప్ప పీట మీంచి లేవలేకపోతోంది. లేవలేని రోజున దుకాణం మూసుకోవాల్సిందే. అందుకని తనకూ ఒక డబ్బా తెచ్చుకుంది.

"కీళ్లు కీళ్లే కదా. దానికి నాలుగు కాళ్లు, నాకు రెండు. సగం వేసుకుంటే సరి" అంది తాతయ్యతో.

కొన్ని వారాలకు చేతుల మీద నీలం మచ్చలు తేలాయి. కుక్కలు తగిలాయేమో అనుకుంది. టీకాలు వేయడానికొచ్చిన పశువుల డాక్టరు ఆ మచ్చలు చూశాడు, ఆమె టీ గ్లాసు పక్కనున్న డబ్బానూ చూశాడు.

"ఎవరికి పిన్నీ ఇవి?"

"ఓ ముసలిదానికి."

"ఏ జాతి?"

"నీ ఎదురుగా నిలబడ్డ జాతి."

అతను నవ్వలేదు. "గుండె కోసం రక్తం పల్చబరిచే మాత్ర వేసుకుంటున్నావు కదూ?"

"అవును. అయితే?"

"ఇందులో ఉన్న మందు మనుషుల మాత్రల్లోనూ ఉంటుంది, కాదనను. కానీ ఇది కుక్కలకని చేసింది. మిగతా ఏమేం కలిపారో, అవి మనకు పడతాయో లేదో ఎవరూ పరీక్షించలేదు. పైగా నీ గుండె మాత్రకు ఇది తోడైతే రక్తం మరీ పల్చబడొచ్చు. ఇవాళే మీ డాక్టరుకు చూపించు. నాకు తెలిసింది కుక్కల వరకే."

"మరి ఆ కుక్క లేచి నడిచిందిగా?"

"మాత్రకు లేచిందో, నువ్వు రోజూ కాళ్లు పిసికితే లేచిందో నాకూ తెలీదు."

ఇంకొకరైతే సిగ్గుపడి దాచేవారు. అమ్మమ్మ ఆ డబ్బాను సంచిలో వేసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టి, "కుక్కవి. తిన్నాను" అంది. రక్తం నిజంగానే ఉండాల్సిన దానికంటే పల్చబడింది. డాక్టరు ఆ కుక్క మాత్రలు మాన్పించాడు. మెల్లగా మచ్చలు పోయాయి. మోకాళ్ల నొప్పి మాత్రం పోలేదు. పీట మీద కూర్చోవడం ఇక కుదరదన్నాడు.

"ఇక మూసేయవే" అన్నాడు తాతయ్య.

ఆమె వడ్రంగిని పిలిపించి తొట్టిని నడుమెత్తు దిమ్మ మీదికి ఎక్కించింది. కుక్కలు ఎక్కడానికి వాలుగా పలక వేయించింది. తీరా చూస్తే ఒక్క కుక్కా పలక మీద కాలు పెట్టదు.

"ముందు నువ్వెక్కు. చూసి నేర్చుకుంటాయి" అంది తాతయ్యతో.

తాతయ్య చేతులూ మోకాళ్లూ ఆనించి తొట్టిలోకి పాకాడు. వెనకే తోకాడించుకుంటూ ఒక కుక్క ఎక్కింది. అమ్మమ్మ నిటారుగా నిలబడి ఇద్దరి మీదా నీళ్లు పోసింది.