బాబాయికి చదివిపెట్టిన అభిప్రాయాలు

మా బాబాయి పోయాడన్న కబురు బంద్ రోజున వచ్చింది. పొద్దున్న తొమ్మిదింటికి పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయి లేడే" అని ఒక్క మాట అని పెట్టేసింది. నేనుండేది లిలువాలో, మా ఆయన రైల్వే క్వార్టర్లో. బాబాయిది నది అవతల మెటియాబ్రుజ్. రైళ్ళు లేవు, బస్సులు లేవు, లాంచీలు రేవులో కట్టేసి ఉన్నాయి. ఈ బెంగాలీవాళ్ళ ఊళ్ళో బంద్ అంటే చావుకి కూడా దారివ్వరు. సాయంత్రం ఆరు దాటి బళ్ళు కదిలాక వెళితే, అప్పటికే అంతా అయిపోయి మగవాళ్ళు స్నానాలు చేస్తున్నారు. ఆఖరి చూపు దక్కలేదు. దక్కినా ఆ మొహం చూసి ఏం చెప్పేదాన్నో నాకే తెలీదు.

చెప్పవలసింది ఒకటుంది. ఆయనకి చెప్పలేకపోయాను కాబట్టి మీకు చెబుతున్నాను.

శ్రీకాకుళం తీరం నుంచి ఇక్కడి ఓడరేవు డాకుల్లో పనికని వచ్చిన అన్నదమ్ముల్లో మా నాన్న పెద్దవాడు, ఈయన చిన్నవాడు. నాన్న బస్తాలు మోశాడు. బాబాయి సరుకు ఓడల్లో వంటవాడిగా ఎక్కి ఇరవై ఏళ్ళు తిరిగాడు. ఓడ దిగిన వాళ్ళంతా వాచీలూ టేప్‌రికార్డర్లూ తెచ్చేవారు. మా బాబాయి పెట్టె తెరిస్తే ఎండిన నిమ్మగడ్డి, రొయ్యల ముద్ద, పేరు తెలియని మసాలా పొట్లాలు ఉండేవి. పిన్ని ఆ వాసనకి ముక్కు మూసుకుని, ఇంకెవరూ దొరకనట్టు తనకి ఈ మనిషే దొరికాడని నవ్వేది.

సముద్రం మీద ఓపిక తగ్గాక, దర్జీల దుకాణాల మధ్య ఒక గది అద్దెకి తీసుకుని హోటల్ పెట్టాడు. ఆరు బల్లలు. పెనాంగ్‌లో నేర్చిన పులుపు సూప్, బ్యాంకాక్ కూరలు, పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం మీద వేరుసెనగ ముద్ద, రంగం రేవులో తిన్న నూడుల్స్. పెనాంగ్ సూప్ అంటే ఆయనకి ప్రాణం. చింతపండు, చేప, బియ్యప్పిండి నూడుల్స్. మన చేపల పులుసే ఓడెక్కి ఊళ్ళు చూసొచ్చిందనేవాడు.

బల్ల మీద దారంతో పెన్సిల్ కట్టి ఒక లావుపాటి నోట్ పుస్తకం పెట్టాడు, తిన్నవాళ్ళు అభిప్రాయం రాయడానికి. వాళ్ళేమో బెంగాలీలో రాసేవారు. బాబాయి బెంగాలీ గడగడా మాట్లాడేవాడు గాని అక్షరం రాదు. నేను బెంగాలీ మీడియంలో పదో తరగతి. బడి నుంచి వచ్చేటప్పుడు, మధ్యాహ్నం గిరాకీ అయ్యాక, ఆ పుస్తకం చదివిపెట్టడం నా పని.

"మొకం మీద అందరూ మంచే అంతారే గుంటా. రాసిందే నిజం. సదువు" అనేవాడు.

అది అబద్ధం కూడా కాదు. తినేసి చేతులు కడుక్కుంటూ "ఖూబ్ భాలో, దాదా" అననివాడు ఈ ఊళ్ళో ఉండడు. అలా అన్నవాళ్ళే వెనక్కొచ్చి పెన్సిల్ పట్టేవారు. మొదటి రోజు పుస్తకం తెరిస్తే ఎదురింటి దర్జీ మాస్టారు, చిల్లీ చికెన్ లేని ఈ హోటల్ ఎవరి కోసమని రాశాడు. ఒక బడిపంతులు ఈ పులుపులో కాస్త తీపి పడి ఉంటే బాగుండేదని పేజీ నిండా రాశాడు. ఇంకొకాయన, తన చొక్కాకి పట్టిన రొయ్యల కంపు ఉతికినా పోలేదని. తలెత్తి చూశాను. బాబాయి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, పరీక్ష ఫలితాలు వినే పిల్లాడిలా నిలబడి ఉన్నాడు.

బాగుందని రాశారు బాబాయ్ అన్నాను.

"ఏటి బాగుందో రాయలేదేటి?"

అక్కడ దొరికిపోయాను. ఉత్త బాగుంది చాలదు ఆయనకి. అదృష్టమో దురదృష్టమో, పుస్తకంలో ఒక్క పేజీ నిజంగా మంచిది ఉంది. మంగళవారాలు క్యారేజీ పట్టుకుని వచ్చే ఒక ముసలావిడ రాసింది. చిన్నప్పుడు రంగంలో తమ సందు చివర ఇదే వాసన వచ్చేదని, చచ్చేలోగా మళ్ళీ తింటానని అనుకోలేదని. ఆవిడ నాలుగు మాటల్నీ నలుగురికీ పంచేశాను. వాసన గొప్పగా ఉందని దర్జీ మాస్టారన్నాడని చదివాను. చిన్నతనం గుర్తొచ్చిందని పంతులుగారు రాశారన్నాను. బాబాయి మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూశాక మర్నాడు కూడా అలాగే చదివాను. రెండేళ్ళపాటు అలాగే చదివాను.

ప్రేమకొద్దీ చేశానని ఇన్నాళ్ళూ నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. సగమే నిజం. ఆ మొహం చిన్నబోతే చూసే ధైర్యం నాకు లేదు. అంతే.

గిరాకీ పలచబడింది. ఎర్ర రసం వేసి కోడి వేపుడొకటి వండితే ఏం పోయిందని పిన్ని పోరింది. "పుస్తకంలో ఒక్కడైనా అడిగేడా? అడగమను, వండుతాను" అన్నాడు. సగం పుస్తకం అదే అడుగుతోంది. నేను అక్కడే కూర్చుని నోట్లో వేలు పెట్టుకుని గోరు కొరుక్కుంటున్నాను.

ఇక ఉండబట్టలేక ఒకరోజు నిజం చదివాను. చేప కుళ్ళినట్టుందనీ, ఇక్కడ తినడం ఇదే ఆఖరనీ ఎవరో రాశారు. మాట మార్చకుండా చదివేశాను. బాబాయి నవ్వేశాడు. "ఎవడో ఏడుపుగొట్టోడు. ఇన్ని వందలమంది బాగుందంటే వీడొక్కడి మాట ఏటే?" అని పేజీ తిప్పమన్నాడు. ఆ వందలమందీ నేనే. పేజీ తిప్పాను.

మూడో ఏడు నడుస్తుండగానే హోటల్ మూసేశాడు. డాకుల్లో పని తగ్గింది, బంద్‌లు ఎక్కువయ్యాయి, రుచికి మాత్రం లోటు లేదమ్మా అని చివరిదాకా అన్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా నేను తల ఊపేదాన్ని. తర్వాత ఖిదిర్‌పూర్ బస్టాపు దగ్గర ఎవరిదో చౌమీన్ నూడుల్స్ బండి మీద పనికి కుదిరాడు. అదే ఎర్ర రసం, అదే చిల్లీ చికెన్. పన్నెండేళ్ళు ఆ పెనం ముందే నిలబడ్డాడు.

పెళ్ళయ్యాక నేనటు వెళ్ళడం తగ్గించేశాను. బాబాయికి ఎదురుపడాలంటే సిగ్గు. కిందటేడు ఏదో పని మీద వెళ్ళి, తప్పించుకోలేక బండి దగ్గర ఆగాను. జుట్టు నెరిసిపోయింది. నన్ను చూసి ఏమీ అడక్కుండా ఒక ప్లేటు చేసి చేతికిచ్చాడు. తిన్నాను. బాగుంది. మొహమాటానికి కాదు, అంత మంచి చౌమీన్ నేనీ ఊళ్ళో తినలేదు. ఈ చేత్తో ఇది అప్పుడే వండి ఉంటే ఆ ఆరు బల్లలూ ఖాళీ ఉండేవి కావు. నేను నోరు విప్పి ఉంటే వండేవాడే.

"ఎలగుంది?" అన్నాడు.

"బాగుంది బాబాయ్. నిజంగా బాగుంది."

"నువ్వెప్పుడు బాగోలేదన్నావే" అని మెల్లగా అన్నాడు. కోపం లేదు, వెక్కిరింత లేదు. నా వెనకున్న ఆఫీసు మనిషికి ప్లేటు అందించాడు. ఆ మనిషి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే, పొయ్యి మీద పెనం మాడుతున్నా పట్టించుకోకుండా, గరిట పట్టుకుని అతని మొహంకేసే చూస్తూ నిలబడ్డాడు.