సంతోషకుమారి పక్కన చోటు

రెబెకా టీచరు మైకు పట్టిందంటే పొదిలి చుట్టుపక్కల సభల్లో పిల్లలు కూడా గోల మానేవారు. ఎక్కడినుంచో వచ్చిన ప్రసంగీకులు ఇంగ్లీషులో ఉరుముతుంటే, పక్కన నిలబడి తెలుగులో చెప్పేది. ఆమెకు ఒకటే పట్టుదల. చెప్పినదానికంటే ఎక్కువ చెప్పకూడదు, తక్కువా చెప్పకూడదు. ప్రసంగీకుడు తప్పు మాట్లాడితే ఆ తప్పే చెప్పేది.

ఇంట్లో మాత్రం వినేది సంతోషకుమారి ఒక్కతే. ఆసుపత్రిలో ఆయాగా చేసిన సంతోషానికి ఇంగ్లీషు రాదు. టీవీలో పరాయిదేశపు సినిమా వస్తే, "ఏవంటందే అది?" అని మోచేత్తో పొడిచేది. రెబెకా చెవిలో చెబుతూ పోయేది. ఊరికి వాళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళ పిల్లలు. ఎప్పుడో ఇల్లు అద్దెకిచ్చినావిడ అడిగితే చెప్పిన అబద్ధం అది. జుట్టు నెరిసేదాకా దాని నీడనే బతికారు.

సంతోషం నిరుటి వానాకాలంలో చనిపోయింది. సమాధి చుట్టూ గట్టు కట్టేటప్పుడు, భార్యాభర్తలకు వదిలినట్టే పక్కన తనకూ చోటు వదిలి, ఒక వైపు తెరిచి ఉంచమంది రెబెకా, మేస్త్రీ దానయ్యతో. అది చర్చి సంఘంలో మాటయింది. సంఘపెద్ద మార్క్ ఇంటికొచ్చి నెమ్మదిగానే చెప్పాడు.

"రక్తసంబంధం కాబట్టి సరేనంటున్నారు టీచరుగారూ. ఆదివారం ఆ చోటు మీకు ఖాయం చేస్తాం. ఈలోపు ఇంకో మాట పుట్టకూడదు. పుడితే నా చేతుల్లో ఉండదు."

ఆ వారమే ఒంగోలునుంచి శ్రీరమ్య వచ్చింది. కాలేజీలో పాఠాలు చెబుతూ, సెలవుల్లో ఊరూరా పాత సినిమాలు చూపించే పిల్ల. ఈసారి జపాన్ సినిమా. వలలు అల్లుకుని ఒకే గుడిసెలో బతికే ఇద్దరాడవాళ్ళ కథ. కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి, వాటిని తెలుగులో చెప్పే మనిషి కావాలి. రెబెకా ముందుగా ల్యాప్‌టాప్‌లో చూసింది. చివర్లో ఒకామె చనిపోతుంది. ఊరిపెద్ద రెండో ఆమెను ఒక ప్రశ్న అడుగుతాడు. అక్కడ రెబెకా కళ్ళద్దాలు తీసేసింది.

"పోనీ వేరేవాళ్ళని చూడనా మేడమ్?" అంది శ్రీరమ్య.

"వద్దులేమ్మా. వాళ్ళు ఇంకేదో చెప్తారు."

శనివారం పొద్దుగూకగానే, పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టానికి సున్నం కొట్టిన గోడ మీద బొమ్మ పడింది. జనం బాగానే వచ్చారు. మార్క్ ముందు వరసలో కుర్చీ వేయించుకున్నాడు.

"ఒరేయ్, ఆ టోపీ ఆవిడ అచ్చం మన బసవమ్మే!"

"నీ మొహం! నా నడుం అంతుందంట్రా?" బసవమ్మ కసిరింది. అందరూ నవ్వారు.

తెరమీద ఒకామె ఇంకో ఆమెకు తల దువ్వుతోంది. దువ్వెన ఆగింది, చెయ్యి మెడ మీదే ఉండిపోయింది. నవ్వులు సద్దుమణిగాయి. మార్క్ గోడవైపు చూడటంలేదని రెబెకా అప్పుడు గమనించింది. ఆమెనే చూస్తున్నాడు.

"వాళ్ళిద్దరూ తోడికోడళ్ళా టీచరుగారూ?" అన్నాడు.

"సినిమాలో అది చెప్పలేదండీ."

గోడ మీద మంచు కురిసింది. పాడె లేచింది. ఊరిపెద్ద నోరు విప్పాడు. రెబెకా చెప్పింది: "ఈమె నీకేమవుతుంది?"

కింద జవాబు పడింది. చెల్లెలు అంటే సరిపోతుంది. శ్రీరమ్య తప్ప ఇక్కడ ఇంగ్లీషు చదివి పట్టుకునేవాళ్ళు లేరు, తెల్లారితే చోటు ఖాయం. మైకు బరువెక్కింది. మోచేత్తో పొడిచి అడిగే మనిషి పక్కన లేదు. సంతోషానికి ఏనాడూ ఒక్క మాట మార్చి చెప్పలేదు.

"నా మనిషి," అంది రెబెకా. "నేను కాపురం చేసిన మనిషి."

బసవమ్మ పైట కళ్ళకద్దుకుంది. వెనకనుంచి ఎవరో ఉమ్మేసిన చప్పుడైంది. దీపాలు వేయకముందే మార్క్ లేచి, కుర్చీ తనే మడిచి పక్కన పెట్టాడు.

"వందనాలు టీచరుగారూ. బాగా చెప్పారు."

తెల్లారి, చర్చి గంట కొట్టకముందే రెబెకా సమాధుల దొడ్డికి వెళ్ళింది. దానయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు. తెరిచిన వైపు అడ్డంగా ఒక వరస ఇటుక పడింది.

"మార్క్‌గారు ఫోన్ చేశారమ్మా. ఆరాధన ముగిసేలోపు మూసేయమన్నారు." అతను తలెత్తలేదు.

రెబెకా చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని ఆ వరస దాటింది. సంతోషం పక్కన, ఖాళీలో, కూర్చుంది.

"లేవండమ్మా. సిమెంటు బిగుసుకుపోద్ది."

"పోనీ దానయ్యా."

గేటు దగ్గర మార్క్ జీపు ఆగింది. తలుపులు ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయి. దానయ్య తాపీ కింద పెట్టలేదు, ఇంకో ఇటుక పేర్చనూ లేదు.