ముగింపు బెంచీ మీదే

గోదావరక్క కిరాయి పుస్తకాల దుకాణంలో ఏ డిటెక్టివ్ నవల తీసుకున్నా చివరి అధ్యాయం ఉండేది కాదు. అది చిరిగిపోయి కాదు. ఆమే కుట్టు విప్పి, ఆఖరి పేజీలను వేరు చేసి, బట్టల క్లిప్పు పెట్టి గల్లా వెనక తీగ మీద వేలాడదీసేది. హంతకుడెవరో తెలియాలంటే పుస్తకం వాపసు ఇచ్చి, దుకాణం ముందున్న బెంచీ మీద కూర్చుని, ఆ పేజీలు అక్కడే చదువుకుని పోవాలి.

"పుస్తకం మొత్తం ఇంటికి పోతే మల్ల రాదు పిల్లా. ముగింపు నా దగ్గరుంటే నడుసుకుంట వస్తది," అనేది.

తొంభైల మొదట్లో ఆమె భర్త నర్సింగం పనిచేసే మిల్లు మూతపడింది. చేతికొచ్చిన డబ్బుతో బర్రెలు కొందామని ఆయన, కిరాణం పెడదామని అత్త. హవేలిఘనపూర్‌లో ఏడో తరగతితో చదువు ఆగిపోయిన గోదావరక్క మాత్రం హైదరాబాద్ పోయి, పాత నవలలు బస్తాలకెత్తి బస్సు మీద వేయించుకొచ్చింది. నర్సింగం చాలా రోజులు ముఖం తిప్పుకున్నాడట. తర్వాత ఒకనాడు తానే ఓ నవల చదివి, గడ్డం గోక్కుంటూ, ముగింపు ఎక్కడని అడిగాడట.

"దుకాణానికి రా," అన్నదట ఈమె. మొగుడికైనా బెంచీయే.

బడి నుంచి వస్తూ నేనా బెంచీ చివర కూర్చునేదాన్ని. మెదక్ మొత్తంలో ఎవరితోనూ మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోని చోటు అదొక్కటే. తర్వాత ఇంటింటికీ కేబుల్ వచ్చింది, చేతికో సెల్‌ఫోన్ వచ్చింది, బెంచీ మీద దుమ్ము పేరుకుంది. నేను ఎం.ఏ. తెలుగు చదవడానికి యూనివర్సిటీకి పోయాను.

2011లో సకల జనుల సమ్మె మొదలవగానే ఇంటికొచ్చి, సంచి దించి, నేరుగా దుకాణానికి పరుగెత్తాను. గోదావరక్క పుస్తకాలను గోనె సంచుల్లో కుక్కుతోంది.

"ఏందక్కా ఇది?"

"కండ్లు కనిపిస్తలేవా? ఖాళీ చేస్తున్న. శశిధర్ సారు ఫోన్ల దుకాణం పెడుతడంట. దసరాకు షట్టర్ ఇయ్యాలె."

శశిధర్ షట్టర్ యజమానురాలు లలితమ్మ కొడుకు. వాళ్లది అల్లాదుర్గ్ దిక్కు భూములున్న కుటుంబం.

"వేరే షట్టర్ చూద్దాం."

"చూసిన. పుస్తకాలనంగనే చెదలు పడతయంటున్నరు."

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. ఇంకో సంచి అందుకుంది.

ఆ వారమే కరెంటు కోతలు మొదలయ్యాయి. అటు సింగరేణిలో బొగ్గు తవ్వకం ఆగింది, ఇటు ఊళ్లో ఫ్యాన్లు ఆగాయి, టీవీలు ఆగాయి. బడులు లేవు, ఆఫీసులు లేవు, బస్సులు లేవు. రాందాస్ చౌరస్తా దగ్గర టెంటు కింద రిలే దీక్షలు. పాటలూ ఉపన్యాసాలూ అయ్యాక మధ్యాహ్నం మాత్రం గడిచేది కాదు. నాకు లెక్కలు చెప్పిన రాంచందర్ సారు ఒకరోజు మెడలో దండతోనే దుకాణానికి వచ్చాడు.

"గోదావరీ, ఆకలి మరిపించే పుస్తకం ఇయ్యి. తిండి సంగతి ఉండొద్దు."

ఆమె ఒక సంచి మూతి విప్పి, ఊటీ బంగళాలో జరిగే హత్య కథొకటి లాగింది. "ఇందుల ఒకడు పాయసం తిని సస్తడు సార్."

"సస్తడు గద, పర్వాలే," అని సారు నా వైపు తిరిగాడు. "నవోమీ, తెలుగు ఎం.ఏ. నువ్వు. రా, సదువు."

తప్పించుకోవడానికి కారణం వెతుక్కునేలోపే మైకు ముందున్నాను. కరెంటు లేదు కాబట్టి మైకు పనిచేయదు, అదొక్కటే ధైర్యం. మొదటి పేజీ పుస్తకానికే చదివి వినిపించాను.

"బిడ్డా, నీకు నువ్వే సదువుకుంటే మేమేం గావాలె?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

గొంతు పెంచాను. డాక్టరు బంగళా మెట్లెక్కేసరికి టెంటు కిందికి పూలమ్మే ఆడవాళ్లు వచ్చారు. పాయసం గిన్నె దొరికేసరికి ఆటోవాళ్లు వచ్చారు. వంటమనిషే చంపిందని ఒకరు, తమ్ముడే చంపాడని ఇంకొకరు, మధ్యలో ఎవరైనా దగ్గితే అందరూ కసురుకోవడం. నా గొంతు వినడానికి అంతమంది ఊపిరి బిగబట్టడం నా జీవితంలో అదే మొదలు. డిటెక్టివ్ అందర్నీ హాల్లోకి పిలిచాడు. పేజీ తిప్పాను. అట్ట వచ్చింది.

"ముగింపేది?" అన్నాడు సారు.

"గోదావరక్క దగ్గరుంది సార్. బయటికియ్యది."

టెంటు మొత్తం లేచింది. దండలతో, జెండాలతో గల్లీ వెంట నడుస్తుంటే వెనకనుంచి ఎవరో "ముగింపు" అన్నారు, అందరూ "ఇయ్యాలె" అన్నారు. దుకాణం చేరేసరికి అది పెద్ద నినాదమైంది. గోదావరక్క జంకి షట్టర్ సగం దించింది. సంగతి తెలిసి, నవ్వు ఆపుకుంటూ, తీగ మీది పేజీలు తీసి నా చేతికిచ్చింది.

"బెంచీ మీదనే," అంది.

బెంచీ ఎక్కి చదివాను. హంతకుడు డాక్టరే. తమ్ముడి పక్షంవాళ్లు ఒప్పుకోలేదు.

మర్నాటి నుంచి పుస్తకాలడిగేవాళ్ల కోసం సంచులు విప్పడం తప్ప ఆమెకు వేరే పని లేకపోయింది. టీవీ సీరియళ్లు ఆగి లలితమ్మకూ తోచలేదు కాబోలు, పనిమనిషితో ఒక నవల తెప్పించుకుంది. ముగింపు కోసం ఆ పనిమనిషే వస్తే గోదావరక్క తల అడ్డంగా ఊపింది.

"అమ్మను రమ్మను."

"ఆమె ఓనరక్కా," అని గొణిగాను.

"అయితే?"

దసరా ముందు లలితమ్మ వచ్చింది. పూలమ్మే ఆడవాళ్లు సర్దుకుంటే వాళ్ల పక్కనే కూర్చుంది. ఇప్పుడు గోదావరక్క షట్టర్ సంగతి అడుగుతుంది, అడిగాకే పేజీలిస్తుంది అని నేను కాచుకుని ఉన్నాను. గోదావరక్క ఏమీ అడగకుండా పేజీలు చేతిలో పెట్టింది.

లలితమ్మ కళ్లద్దాలు సర్దుకుంటూ చదివింది. "ఛీ, వీడా? నేను ముసలామె అనుకున్న. ఇంకోటియ్యి గోదావరీ."

"ఇయ్యొచ్చు గని అమ్మా, దాని ముగింపు ఏడ సదువుతరు? దసరా నుంచి దుకాణం ఉండది గద."

లలితమ్మ తీగ మీద వేలాడుతున్న ముగింపుల వైపు చూసింది. "ఇవన్ని ఏడికి పోతయి?"

"సంచులల్లకు."

శశిధర్ సరిగ్గా అప్పుడే బండి దిగి, కొలతల టేపు విప్పుతూ గోడ దగ్గరికి పోయాడు.

"శశీ, టేపు మడువు. మనింటి ముందటి అర్రల పెట్టుకో నీ దుకాణం," అంది లలితమ్మ.

"గల్లీలకు ఎవ్వలొస్తరమ్మా?"

"ఈడికి వచ్చి ఏం జేస్తరురా? కరెంటే లేదు, ఫోన్లకు చార్జింగ్ ఏడ పెడతరు? నేనిప్పుడు మొదలువెట్టే పుస్తకం అయినంక మాట్లాడుదం."

శశిధర్ తల్లి ముఖం చూసి టేపు చుట్టుకున్నాడు.

గోదావరక్క లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. వచ్చేసరికి చేతిలో లావుపాటి నవల, దాని మీద మొదటి భాగం అని ఉంది.

"ఎన్ని భాగాలే ఇది?" అంది లలితమ్మ.

"మస్తున్నయమ్మా. ఒక్కటి వాపస్ తెస్తే ఇంకొక్కటి," అంటూ గోదావరక్క బెంచీ మీద కూర్చుని, తాపీగా కుట్టు విప్పడం మొదలుపెట్టింది.