దొర మాటకు ఒలందా మాట

నేను అనుమానపు మనిషిని. కాఫీ గ్లాసు చేతికిస్తే అందులోకి ఓసారి తొంగిచూసి గానీ తాగనని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. దెప్పనీ. రంగంలో బియ్యం మిల్లు ఆఫీసులో గుమాస్తాగా కూర్చుని, కూలీల కళ్ళకు దొర మనిషిగా, దొర కళ్ళకు కూలీల మనిషిగా బతికినవాడికి ఇంకే బుద్ధి అబ్బుతుంది? రంగూన్‌ను అప్పట్లో మావాళ్ళంతా రంగం అనేవారు. పందొమ్మిదివందల ఇరవైల నాటి మాట ఇది.

మా అన్న ఆ మిల్లుకే అహ్లోన్ రేవులో మేస్త్రీ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన బస్తాల కూలీల జట్టు ఒకటి ఆయన చేతికింద ఉండేది. నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చునని మిల్లు దొర కాళ్ళావేళ్ళా పడి అదే మిల్లులో నాకు పని ఇప్పించాడు. కూలీల ఇళ్ళ లైనులో అన్నా వదినల దగ్గరే తిండీ, పడకా. తిండికి లోటు లేదు, ఆప్యాయతకూ లోటు లేదు. కానీ నేను వచ్చి కూర్చుంటే అరుగు మీద మాటలు ఆగిపోయేవి. ఒకడు బీడీ ఆర్పేవాడు, ఇంకొకడు ఆవులించేవాడు. అంతదాకా గొంతు చించుకుంటున్న వాళ్ళకి నేను రాగానే నిద్ర ముంచుకొచ్చేదా? నాకు ఒళ్ళు మండేది.

ఆ ఏడు కొత్త వడ్లు మిల్లుకు దిగిన రోజుల్లో ఒక సాయంత్రం ఇంట్లోకి అడుగుపెట్టేసరికి వదిన పసుపుగుడ్డ మూట ఒకటి గబుక్కున కొంగుకింద దాచింది.

“ఏటది వదినా?”

“ఏటీ నేదు మరిదీ. పోపులడబ్బా.”

పోపులడబ్బాను కొంగుకింద ఎవరైనా దాచుకుంటారా! మర్నాడు పొద్దున్నే అన్న పెరట్లో కూర్చుని, బస్తాలు కుట్టే దబ్బనంలోకి ఎర్ర పురికొస ఎక్కిస్తున్నాడు. మా మిల్లు బస్తాలు మామూలు జనపనార పురికొసతో కుడతారు, ఎర్రది నేనెన్నడూ చూడలేదు. అడిగితే “నీకెందుకురా, ఆఫీసుకి ఎల్లు” అన్నాడు. ఆ రోజుల్లో రేవులో మూట, రహస్యం అన్న రెండు మాటలు కలిస్తే మూడో మాట నల్లమందే. నా మనసు అక్కడికే పోయింది.

ఆ మధ్యాహ్నమే కబురొచ్చింది. సేక్కాన్ రేవు ఎదుట నది మధ్యలో లంగరేసిన ఒలందా ఓడ మీద అన్నను పట్టుకున్నారు. డచ్చివాళ్ళను మావైపు ఒలందావాళ్ళనేవారు. భీమిలిలో వాళ్ళ సమాధులు చూస్తూ పెరిగినవాళ్ళం మరి. ఆ ఓడ మా మిల్లు బియ్యం ఎత్తుకుని సుమత్రాలోని బెలావాన్ రేవుకు పోవాలి. కెప్టెన్ తర్వాతివాణ్ణి కూలీలు చిన్న కెప్టెన్ అనేవారు. మేస్త్రీ ఒక బస్తా నోరు విప్పి అందులో మూట దోపి కుట్టడం ఆయన కంటపడిందట. ఆయన వచ్చేలోపు కప్పీ ఆ బస్తాను మిగతావాటితో కలిపి ఓడ పొట్టలోకి దించేసింది. అది ఏ బస్తా, లోపల ఏముందీ అంటే అన్న నోరు విప్పడం లేదు. జట్టులో ఒక్కడూ విప్పడం లేదు. పోటు తిరిగేలోపు తేలకపోతే ఆయన్ని పోలీసు లాంచీకి అప్పగిస్తామన్నారు. నల్లమందు కేసంటే జైలు, జట్టంతటికీ రేవులో పని పోవడం.

దొర దగ్గరికి పరిగెత్తాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. “ఆ మనిషి నా ఛార్జి అని వాళ్ళకి చెప్పు. వాళ్ళకి ఇంగ్లీషు సరిగా రాదు, డచ్చిలోనే చెప్పించు” అన్నాడు. అంతే, మళ్ళీ కాగితాల్లోకి తల దూర్చేశాడు.

దారి పొడుగునా ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూశాను. ట్రాముకిచ్చే డబ్బూ ఛార్జే. తుపాకీలో మందు కూరినా ఛార్జే. పోలీసులు కర్రలతో మీద పడినా ఛార్జే. నేరం మోపినా ఛార్జే, పసిపిల్లను ఆయాకు అప్పజెప్పినా ఛార్జే. దొర కావాలనే ఆ మాట ఏరుకున్నాడని నా అనుమానం. అన్న బయటపడితే ‘నేనే కాపాడాను’ అనవచ్చు. ఇరుక్కుంటే ‘నేరం మోపిందీ నేనేగా’ అనవచ్చు.

డచ్చి తెలిసిన మనిషి మా లైనులో ఒక్కతే, మా వదిన. వాళ్ళ నాన్న సుమత్రాలో మెదాన్ దగ్గర ఎడ్లబండి తోలేవాడు. తల్లీ కూతుళ్ళు ఒక ఒలందా ఇంట్లో పిల్లల్ని ఆడించేవారు. తల్లిదండ్రులు పోయాక మేనమామ వదినను రంగం తీసుకొచ్చి అన్నకిచ్చి పెళ్ళి చేశాడు. ఆమెకొచ్చిన డచ్చి అంతా స్నానాలు, అన్నాలు, పసిపిల్లల ఏడుపుల డచ్చి.

కబురు విని వదిన ఏడవలేదు. పొయ్యిలో నీళ్ళు చల్లి, చెయ్యి తుడుచుకుని, పద అంది. ఏడవకపోవడం కూడా నాకు అనుమానంగానే ఉంది. సంపాన్ పడవ ఎక్కాక అడిగాను, ఛార్జికి డచ్చిలో ఏమంటారని.

“దేనికి? డబ్బులకైతే కోస్టన్. తప్పు నీదే అని వంటోణ్ణి తిట్టినప్పుడు మా దొరసాని స్ఖుల్ట్ అనీది.”

“అవి కాదు వదినా. మనిషిని చూసుకోవడం. నా బాధ్యత అనడం.”

“అదా? పిల్లని సూసుకోమంటే పాస్ ఓప్ అనీది.”

నాకు ఒళ్ళు భగ్గుమంది. ఓడ బల్ల మీద కాలు జారబోయిన కూలీల మీద ఒలందావాళ్ళు పాస్ ఓప్ పాస్ ఓప్ అని అరవడం ఎన్నిసార్లు వినలేదు? అంటే జాగ్రత్త, ప్రమాదం అని.

“అన్న ప్రమాదకరమైన మనిషని చెప్తావా? ఎవరి పక్కనున్నావు నువ్వు?”

“ఓలమ్మా! నా మొగుడి పక్కనున్నాను, ఇంకెవుడి పక్కనుంటాను!” అని నా మీద కళ్ళెర్రజేసింది. నీళ్ళకేసి తిరిగి అంది. “ఇంకోటుంది. సంటిదాన్ని నా సేతిలో ఎట్టి, దొరసాని బయటికెల్లినప్పుడు అనీది. ఒండర్ యౌ హూదె. నీ నీడన ఒగ్గేసి ఎల్తన్నాను అని.”

“అదే! అదే అను. దొరగారి నీడన ఉన్న మనిషి అను.”

అప్పుడు అసలు ప్రశ్న అడిగాను. “మూటలో ఏముంది వదినా? నల్లమందా?” ఆమె నా ముఖంలోకి చూసిన చూపు నేనిప్పటికీ మర్చిపోలేదు. కోపం కూడా కాదది. నాకు చెప్పవచ్చా లేదా అని తూచి, చెప్పకూడదని తేల్చుకున్న చూపు.

ఓడ మీద అన్నను ఒక ఇనప గుంజ పక్కన కూర్చోబెట్టారు. జట్టంతా అవతల గుంపుగా నిలబడి ఉంది. నన్ను చూసి వాళ్ళ ముఖాలు ఇంకా బిగుసుకున్నాయి. చిన్న కెప్టెన్ ఎర్రటి మెడ, తెల్లటి కనుబొమ్మల మనిషి. నేను గొంతు సవరించుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపేసి, ఈ ఆడమనిషి ఎవరన్నట్టు వదినకేసి గడ్డం ఎగరేశాడు.

వదిన ముసుగు సర్దుకుని రెండడుగులు ముందుకేసి మాట్లాడింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మెదాన్ అన్న పేరు విన్నాను. చేత్తో పిడికెడు అన్నట్టు చూపించింది. నేల చూపించింది. అమ్మ అన్నది మాత్రం తెలుగులోనే అంది. అయ్యో, ఏం ఒప్పేసుకుంటోందో అనుకున్నాను. చివర్న అన్నకేసి చెయ్యి చాచి, అదే చెయ్యి తన గుండెకు ఆనించుకుని, “ఒండర్ మైన్ హూదె” అంది. ఇది అర్థమైంది. దొర ఊసే ఎత్తలేదు. తన నీడన ఉన్న మనిషి అని చెప్పింది.

చిన్న కెప్టెన్ కూడా నాలాంటి అనుమానపు పిండమే. వట్టి మాటకు కరిగిపోలేదు. వదిన చెప్పిన ఎర్రదారం బస్తా కోసం దిగువకు మనుషుల్ని పంపాడు. అది పైకొచ్చింది. కుట్టు విప్పించి, మూట తీసి, ముడి తనే విప్పాడు. కొత్త బియ్యం, పసుపుకొమ్ములు, ఒక బెల్లంముక్క. బియ్యం వేళ్ళతో చివరిదాకా కెలికాడు. పసుపుకొమ్ము విరిచి వాసన చూశాడు, నాలిక మీద పెట్టుకుని ముఖం చిట్లించి ఉమ్మేశాడు. తర్వాత, ఎందుకో తెలీదు, టోపీ తీశాడు. మూట మళ్ళీ కట్టి అన్న చేతికిచ్చి బస్తా చూపించాడు. అన్న ఎర్ర పురికొసతో మళ్ళీ కుట్టాడు. ఆ బస్తా దిగిపోయేదాకా చిన్న కెప్టెన్ అక్కడే నిలబడి, తర్వాత అన్నను పొమ్మన్నాడు.

తిరుగు సంపాన్‌లో వదిన తనంతట తనే చెప్పింది. కొత్త బియ్యం మనం నోట్లో పెట్టుకునే ముందు పోయినవాళ్ళకి పెట్టాలి. మరి ఆ ఒడ్డున మట్టిలో కలిసినవాళ్ళకి ఎవరు పెడతారు? వదిన అమ్మనూ నాన్ననూ మెదాన్‌లోనే పూడ్చారు. లైనులో అలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇంటికో పిడికెడు బియ్యం పోగేసి, బెలావాన్‌కు పోయే మొదటి ఓడలో దోపుతారు. అక్కడ బస్తాలు దించేదీ మనవాళ్ళే. ఎర్రదారం చూసి మూట తీసుకుని, వండి, గోరీల దగ్గర పెడతారు. ముద్రపడిన బస్తా విప్పడం తప్పు కాబట్టి ఎవరూ నోరు మెదపరు.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. “మొహం తెలీని ఆ తెల్లవాడికి చెప్పగలిగావు. మూడేళ్ళుగా నీ చేతి కూడు తింటున్నాను, నాకెందుకు చెప్పలేదు?”

“ఆడు రేపు ఎలిపోతాడు మరిదీ. నువ్వు రేపు ఆఫీసుకెల్తావు.”

అన్న ఎటో చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు దొర పిలిచాడు. “బస్తాలో ఏముంది?” నేను కళ్ళార్పకుండా చెప్పాను. తమలపాకుల మూట దొరా, పని మధ్యలో తడవకుండా ఉంటుందని దోపాడు, మొద్దు మనిషి. దొర నన్ను చాలాసేపు చూశాడు. నమ్మలేదు. ఆ రోజు నుంచి గదిలోంచి బయటికి వెళ్ళినప్పుడల్లా సొరుగుకు తాళం వేసుకునేవాడు. నేను ఆ మిల్లులో ఉన్నంతకాలం ఆ తాళం చప్పుడు వింటూనే ఉన్నాను.

దొరకు నేను చెప్పిన అబద్ధం లైనులోకి ఎలా పాకిందో నాకు తెలీదు. మరుసటి ఏడు కొత్త బియ్యం దిగాక ఒక సాయంత్రం వదిన గుమ్మంలో కూర్చుని, దబ్బనమూ ఎర్ర పురికొసా నా ఒళ్ళో పడేసింది.

“కాస్త ఎక్కించి పెట్టు మరిదీ. నా కళ్ళకి ఆనట్నేదు.”

ఆమె కళ్ళకు ఏ జబ్బూ లేదు. అంతకుముందే వీధి చివర నుంచి వస్తున్న నన్ను చూసి, చొక్కా గుండీ ఊడిందని అరిచింది.