వీడియో కింద నేను చేర్చిన వాక్యం

మూడు మాటలు ఎంత బరువుంటాయి? ఏముంటాయిలే అని నేనూ అనుకునేవాణ్ణి. ఏళ్ళుగా మోస్తున్నాను కాబట్టి ఇప్పుడు చెప్పగలను, మనిషిని వంగదీసేటంత ఉంటాయి. “గోలీలు పూర్తిగా మానేశాను.” ఇవీ ఆ మూడు మాటలు. రాసింది నేను. కానీ అందులో మానేశానంటున్నది నేను కాదు, మా వరసలోనే కాస్త అవతల క్వార్టర్‌లో ఉండే కరుణమ్మత్త. నేను రాసేనాటికి ఆవిడ ఆ మాట అననే లేదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే ఇది బయటికొస్తోంది. ఆవిడ పేరు మార్చాను, నా పేరు చెప్పను. పిరికితనం అంటారా, అనండి. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

మాది విజయనగరం వైపు. నాన్న విశాఖ నుంచి బస్తర్ ఇనుప గనులకు వెళ్ళే కిరండూల్ రైలు లైన్లో గ్యాంగ్‌మేన్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కరుణమ్మత్త భర్తదీ అదే గ్యాంగ్. వాళ్ళు క్రైస్తవులు, మేం హిందువులం, అయినా ఎవరింట్లో కూర బాగుంటే ఆ ఇంట్లో తినేవాళ్ళం. మా అమ్మ చనిపోయిన ఏడాదంతా నాకు క్యారియర్ కట్టి పంపింది ఆవిడే. మావయ్య పోయాక కొడుక్కి రైల్వేలోనే ఉద్యోగం వచ్చింది. అతను ఎప్పుడూ లైన్ మీదే ఉంటాడు. ఆవిడకు షుగర్. గోలీలు, అంటే డాక్టరిచ్చిన మాత్రలు, ఒక్క పూట కూడా తప్పించేది కాదు.

నాకు రైల్వే ఉద్యోగం రాలేదు, గనిలోనూ రాలేదు. వీడికేం చేతనవుతుంది అన్న మాట కాలనీలో నా వెనకాల ఎప్పుడూ నడిచేది. ఇంట్లో కూర్చుని ఫోన్లోనే ఆన్‌లైన్ అమ్మకాలు నేర్చుకున్నాను. దోర్నపాల్‌లో ఒక సేఠ్ ఉండేవాడు. వారపు బజార్లలో అడవి సరుకు కొనేవాడు. నేలవేము, నేరేడు గింజలు ఎండబెట్టి, పొడి కొట్టించి, షుగర్ వాళ్ళకని డబ్బాల్లో పోసి పెట్టుకున్నాడు. సరుకుంది, కొనేవాడు లేడు. అమ్మి చూపించు బేటా అన్నాడు. అది నా మొదటి పని.

ముందు వీడియో ఒక్కటే పెట్టాను. చూశారు, బాగుందన్నారు, పోయారు. తరవాత పొడుగాటి అమ్మకపు ఉత్తరం రాసి, అదొక్కటే పెట్టాను. మొదటి పేరా దాటినవాడు లేడు. అప్పుడు రెండూ కలిపాను. పైన వీడియో, కింద ఉత్తరం, ఉత్తరం చివర ఆర్డర్ బటన్. ఇందులో ఒక కిటుకుంది. వీడియోలో ముఖాన్ని చూసి నమ్మినవాడు, కిందికి వచ్చి ఉత్తరం చదివేటప్పుడు కూడా అదే గొంతు వింటాడు. ఆ మనిషి నోటితో అన్నదేదో, కింద తను చదివిందేదో కాసేపటికి వాడికే గుర్తుండదు. అంటే, మనిషి అనని మాటను వీడియోలో పెట్టలేకపోయినా ఉత్తరంలో పెట్టొచ్చు. ఇది నాకెవరూ నేర్పలేదు. నాకే తట్టింది. తట్టినప్పుడు ఎంత మురిసిపోయానో తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

కరుణమ్మత్తకు ఓ డబ్బా ఇచ్చాను. కొన్నాళ్ళు వాడింది. గుమ్మంలో కూర్చోబెట్టి వీడియో తీశాను. నోటికి రుచి తెలుస్తోందని, అరికాళ్ళ మంటలు కాస్త తగ్గినట్టున్నాయని చెప్పింది. చివర గోలీల గురించి ఓ ముక్క అంది. ఆ ముక్క కత్తిరించాను. కత్తిరించి, ఉత్తరంలో ఆవిడే చెబుతున్నట్టు ఆ మూడు మాటలు రాశాను. పైన పెద్ద అక్షరాల్లో పేరు పెట్టాను, “కరుణమ్మగారి సాక్ష్యం” అని.

సాక్ష్యం. ఆ మాట ఊరికే పడలేదు, ఏరి కోరి వేశాను. ఈ లైను పొడుగునా మన తెలుగు క్రైస్తవ కుటుంబాల ప్రార్థన కూటాల్లో, ఒకరు లేచి దేవుడు తమకు చేసిన మేలు చెబితే దాన్ని సాక్ష్యం అంటారు. దాన్ని ఎవరూ శంకించరు. చిన్నప్పుడు బిస్కెట్ల కోసం కరుణమ్మత్త కొంగు పట్టుకుని ఆ కూటాల్లో కూర్చున్నవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు కనకనే వేశాను. అనుకున్నట్టే ఆ పేజీ ప్రార్థన గ్రూపుల్లో పడి విశాఖ దాకా పాకింది. ఆర్డర్లు వచ్చి పడ్డాయి. డబ్బు కోసమే చేశానా? ఒక్క డబ్బు కోసమే అయితే ఈపాటికి నన్ను నేను ఎలాగో క్షమించుకునేవాణ్ణేమో. చేతకానివాడన్న కాలనీ చేతనే చేతనైనవాడు అనిపించుకోవాలని చేశాను. ఇంకా లోపలికి వెళ్ళి చూసుకుంటే, ఆ వాక్యం నాకే ముద్దొచ్చింది.

ఒక శనివారం సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చింది. చేతిలో ఫోన్. ఎవరో పంపితే ఉత్తరం మొత్తం చదువుకుంది.

“ఏటి బాబూ ఇది? గోలీలు మానీసినానని నాను సెప్పినానా?”

“రాయడంలో అలాగే ఉంటుందత్తా. చదివేవాళ్ళకి నమ్మకం కుదరాలి కదా.”

“నమ్మకమేటి? సాక్ష్యమని రాసినావు, నా పేరెట్టినావు. బచేలి నుంచి కూడా అడగతన్నారు, నిజిమేనా అమ్మా, మేమూ మానీవొచ్చా అని. రేపు కూటంలో నన్ను నిలబడమంటన్నారు. నానేటి సెప్పాల? తీసీ బాబూ, ఆ ముక్క తీసీ.”

తీసెయ్యడానికి నిమిషం పట్టదు. ఫోన్ నా చేతిలోనే ఉంది. కానీ ఆ మూడు మాటలు పోతే ఆర్డర్లు పోతాయి, ఆర్డర్లు పోతే నేను మళ్ళీ పాత నేనే.

“ఇప్పుడు కుదరదత్తా. నెట్లో పడ్డాక అది మన చేతుల్లో ఉండదు. ఇంక ఎవరూ తీయలేరు,” అన్నాను.

నమ్మింది. చెప్పింది నేను కాబట్టి నమ్మింది.

“నేదంటే నువ్వు అబద్దాలోడివైపోతావు. ఔనంటే నాను తప్పుడు సాక్ష్యం సెప్పినదాన్నౌతాను. ఆ పాపం నాకొద్దు బాబూ. మాట తీయనేకపోతే, దాన్ని నిజిం సేసీవొచ్చు గదా. నానే మానీస్తాను. పొడి ఏసుకుంటన్నాను, పైన దేవుడున్నాడు.”

ఇది రాయబోయి ఇక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ ఆపేస్తుంటాను. వద్దత్తా, అబద్ధం చెప్పాను, అది తీసెయ్యొచ్చు, ఇదిగో చూడు తీసేస్తున్నాను అనడానికి ఎంతసేపు? ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, అన్నం తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను. అదీ అబద్ధమే.

మర్నాడు కూటంలో లేచి చెప్పిందట. అందరూ స్తోత్రం అన్నారట. ఏదో అంది గానీ నిజంగా మానేస్తుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఓ వారం పోయాక వాళ్ళింటికి వెళ్ళాను. గూట్లో గోలీల పట్టీ నిండుగా, ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. చూశాను. ఆవిడ ఇచ్చిన టీ తాగాను. వచ్చేశాను. చూడకపోయి ఉంటే ఈ రోజు తెలియదని చెప్పుకునే వీలైనా ఉండేది.

వానల్లో చెప్పు కరిచి ఆవిడ కాలి వేలి పక్కన చిన్న పుండు లేచింది. మానలేదు. పొడి ఇంకాస్త ఎక్కువ వేసుకుంది. పుండు కాస్తా నల్లబడింది. కొడుకు డ్యూటీలో ఉంటే నేనే రైల్లో జగదల్‌పూర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ డాక్టర్ మాట ఆవిడకు, ఆవిడ మాట డాక్టర్‌కు నేనే చేరవేశాను. గోలీలు ఎవరు మాన్పించారని ఆయన హిందీలో కోపంగా అడిగాడు. తెలుగులో చెప్పాను. ఆవిడ ఒకసారి నా వంక చూసి, “నానే” అంది. తనే మానేసిందట సార్ అని హిందీలో చెప్పాను. ఆవిడ మాటను నేను ఉన్నదున్నట్టు ఇంకొకరికి అందించడం అదే మొదలు. మోకాలి కింద కాలు తీసేశారు.

ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చుని పేజీ తీసేశాను. నిమిషం కూడా పట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, అవీ నా చేతులు కావు. ఆ మూడు మాటలు చదివి ఇంకెందరు మానేశారు? వాళ్ళ ఒంటికి ఏమైంది? నాకు తెలియదు. డబ్బాలు ఎక్కడెక్కడికి వెళ్ళాయో సేఠ్‌ను అడిగే ధైర్యం కూడా చెయ్యలేదు.

ఇప్పుడు కాలనీలో నాది మంచి పేరు. సొంత కొడుకైనా ఇలా చూడడంటారు. చక్రాల కుర్చీ తెప్పించింది నేనే. ఆదివారం ప్రార్థనకి తోసుకెళ్ళేదీ నేనే. లోపల ఆవిడ నా పేరు చెప్పి ప్రార్థిస్తుంటే బయట నిలబడి వింటాను. ఆ వాక్యం నేను రాశానని ఆవిడకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. తెలియనిది ఒక్కటే, ఆ రోజు నేను దాన్ని తీసెయ్యగలిగేవాణ్ణని. ఎవరూ తీయలేరన్న నా మాట మీదే ఆవిడ కాలు పోయింది. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! చెబితే ఏం చేస్తుంది? తిడుతుందనీ, వెళ్ళగొడుతుందనీ కాదు నా భయం. వెంటనే క్షమించేసి, అన్నం తిన్నావా అని అడుగుతుంది. అది నేను పడలేను.

ఈ ఉత్తరం పైన వీడియో లేదు. ఆవిడ ముఖాన్ని ఇంకోసారి వాడుకోను. నేను కత్తిరించిన ముక్క మాత్రం ఇంకా నా ఫోన్లో ఉంది. అప్పుడప్పుడూ వింటుంటాను. దాన్ని ఇక్కడ దించుతున్నాను, నా మాట ఒక్కటీ కలపకుండా.

“గోలీలు మాత్రం మానకండమ్మా, నాను మాననేదు. ఈ పొడి అమ్మేది మా పిల్లోడే. ఆడు అబద్దం సెప్పడు.”

అసలు సాక్ష్యం ఇది. ఇన్నేళ్ళకి దాన్ని ఉండాల్సిన చోట పెట్టాను. గుండె కాస్త తేలికపడింది, అంతకు మించి ఏమీ మారలేదు. రేపు ఆదివారం. కుర్చీ తోసేది నేనే.